ఊట మీద అడ్డతీగ

మాఘమాసంలో, రైలు పట్టాల కింద వేసే దిమ్మల కోసం కంట్రాక్టరు మనుషులు కొండెక్కి వచ్చారు. వాళ్ల మేస్త్రీ సోమన్న పల్లపు ఊళ్లవాడు. గెడ్డవాగు పుట్టేచోట ఉన్న పదకొండు మద్దిచెట్లకూ సున్నం బొట్లు పెట్టించాడు. ఆ చెట్ల నడుమ రాతి సందులో ఊరే నీళ్లే కింది ఊళ్లో పద్దెనిమిది గడపలకూ తాగునీరు.

గొడ్డలి పనికి పేరున్న బుధు ఆయన ఎదుట నేలమీద కూర్చున్నాడు.

"ఒక్కటి కొట్టుకోండి బాబూ. ఆ పెద్దది. మిగతా పదీ అవతల కొండమీద నానే కొట్టి, నానే దొర్లించి ఇత్తాను."

"ఏటిరా, సెట్టుకీ సెట్టుకీ తేడా?"

"ఈటి కింద మా నీళ్లున్నాయి బాబూ."

"దాక్కున్నాయేటిరా, కోడిపిల్లల్లాగ?" అని నవ్వాడు సోమన్న. అయినా ఒప్పుకున్నాడు. అవతలి కొండ నుంచి దారి సులువు.

ఆ చోటు బుధుకు చిన్ననాటి నుంచి తెలుసు. వాన మొదలైతే పైకొమ్మల మీద చప్పుడు వినబడేది గాని, తలమీద చుక్క పడేది కాదు. పెద్దచెట్లు పట్టిన నీరు నడిమి చెట్లకు, వాటి నుంచి పొదలకు, పొదల నుంచి మోకాలిలోతు ఆకుకుళ్లులోకి దిగేది. బయట వాన వెలిసి జామైనా లోపల బొట్లు రాలుతూనే ఉండేవి. పైన ఆ చెట్లన్నిటినీ ఒకే అడ్డతీగ అల్లుకుని ఉండేది. ఊళ్లో ఆడవాళ్లు విస్తళ్లు కుట్టే ఆకు దానిదే.

చెట్టు కొట్టేముందు తీగను నరకాలని గొడ్డలి పట్టిన ప్రతివాడికీ తెలుసు. కానీ కొత్త ఆకులో కొండదేవతకు అన్నం పెట్టేదాకా అడ్డతీగకు కత్తి తగలకూడదు. ఆ పండుగ ఇంకా పన్నెండు రోజులుంది. సోమన్న ఆగనన్నాడు. బుధు చేతికందినంత మేర తీగను విప్పి పక్కకు తీశాడు. పైనున్నది జారిపోతుందనుకున్నాడు.

జారలేదు. పెద్దమద్ది ఒరుగుతూ ఆ తీగతో పక్క చెట్టును లాగింది, అది మరి రెంటిని. వేళ్లతో సహా మట్టి లేచింది. చప్పుడు ఆగాక చూస్తే ఏడుచెట్లు నేలమీదున్నాయి. ఎన్నడూ ఎండ ఎరగని ఊటరాళ్ల మీద ఎండ పడుతోంది.

"ఒక్కటన్నావు కదరా," అన్నాడు సోమన్న. ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

చైత్రానికి ఆకుకుళ్లు పొడై గాలికి లేచిపోయింది. కడవ నిండడానికి పూట పట్టేది. తొలివానకు ఎర్రమట్టి కొట్టుకొచ్చి రాతి సందు పూడిపోయింది. ఆ తర్వాత వాన మళ్లీ ముఖం చాటేసింది. ఆడవాళ్లు కోసెడు దూరం పోయి నీళ్లు మోస్తున్నారు. బుధును ఎవరూ తిట్టలేదు. పనికి మాత్రం ఎవరూ పిలవలేదు.

ఒక పొద్దున అతని భార్య గంగ కడవతో తిరిగివస్తూ, ఊట దగ్గర అతన్ని చూసి ఆగింది. వేసవి ఎండకు అడ్డకాయలు పగిలి చిమ్మిన గింజలు బుట్టెడు ఇంట్లో దాచింది ఆమె. ఆ బుట్ట ఇప్పుడు అతని పక్కనుంది. ఒక్కొక్క గింజనూ మట్టిలోకి అదుముతున్నాడు.

"ఏపుకుని తినే గింజలు మావా అయ్యి."

"తెలుసు."

"తీగ ఎక్కడానికి సెట్టేదీ?"

"సెట్టొచ్చేదాకా నేలమీద పాకుద్ది. మట్టి కదలకుండా పట్టుకుంటది."

"నీళ్లు ఎప్పుడికొత్తాయి?"

"మనకి కాదు," అన్నాడు తలెత్తకుండా.

గంగ కడవ దింపి, దోసిలి ముంచి, అతను అదిమిన చోటల్లా నీళ్లు చల్లుకుంటూ పోయింది.