పోస్టాఫీసు పడమటి గోడ

పెద్ద పోస్టాఫీసు పడమటి గోడ పడగొట్టక తప్పదని ఇంజనీరు తేల్చిన రోజు, పోస్టుమాస్టరు నేరుగా సున్నం పని చేసే మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాడు. నూట పదేళ్ళ కట్టడమది. నిలువెత్తు కిటికీలు, ఇత్తడి కడ్డీల కౌంటర్లు, హాలు మీద గడియారపు బురుజు. ఆ గోడలు లేపిన తాపీవాళ్ళలో మేస్త్రమ్మ తాత ఒకడు.

మర్నాడు పొద్దున్నే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చిందామె. గోడంతా చెమ్మ. కిటికీ మీంచి కప్పుదాకా వేలు దూరేంత పగులు. తాపీ పిడితో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తట్టి, చెవి ఆనించి విన్నది.

“గోడకి రోగం లేదండీ. ఆమధ్య పైన సిమెంటు పూశారే, అదీ రోగం. లోపలి తడి బయటికి రాలేక గోడకి ఊపిరాడట్లేదు,” అంది.

మరి పునాది కుంగకుండా పగులెలా వచ్చిందని ఇంజనీరు అడిగాడు. సబబైన ప్రశ్నే. పైపూత తీస్తే గోడే చెబుతుందంది మేస్త్రమ్మ. అతను గోడకు దుంగలు ఊతం పెట్టించి, పది రోజులు గడువిచ్చాడు.

గట్టిగా కొడితే పాత ఇటుక పెచ్చులూడుతుంది. అందుకని అత్తాకోడళ్ళు సిమెంటును బెత్తెడు బెత్తెడు చొప్పున ఒలిచారు. “గోడకి పురుడు పోస్తున్నట్టుంది అత్తయ్యా,” అని కోడలు విసుక్కుంది కూడా.

ఆరో రోజు కిటికీ పైన, గోడలోనే కలిసిపోయిన కమాను బయటపడింది. ఇటుకలు నిలువుగా పేర్చి, విల్లులా వంచి కట్టారు. పూతలో కప్పుదాకా పాకిన పగులు, ఇటుకలో ఆ కమాను కిందే ఆగిపోయింది. పైబరువంతా కమాను తన నెత్తిన మోసి పక్కలకు దించుతోంది. దాని కింద నింపిన ఇటుకలే తడికి నాని జారాయి. పైన ఒక్క ఇటుకా కదల్లేదు.

ఇంజనీరు పరంజా ఎక్కి, గుండు వేలాడదీసి గోడ నిలువు చూశాడు. రెండోసారీ చూశాడు. కిందికి దిగి గుండు దారం చుట్టేశాడు.

“ఇది గీసినవాడు నాకంటే తెలివైనవాడు,” అన్నాడు.

“గీసినవాళ్ళ సంగతి నాకు తెలీదు బాబూ. కట్టింది మావాళ్ళు,” అంది మేస్త్రమ్మ.

ఆ మాట అంటుంటే ఆమె వెన్ను తనంతట తానే నిటారుగా నిలిచింది. ఇంజనీరు తన పాత నివేదిక అక్కడే కొట్టేసి, గోడ పడగొట్టక్కర్లేదని కొత్తది రాశాడు. జారిన ఇటుకలు మార్చి, మూడు పూతలు సున్నం వేయడానికి అత్తాకోడళ్ళకు రెండు నెలలు పట్టింది.

వానలు ముదిరాక ఓ మధ్యాహ్నం మేస్త్రమ్మ హాల్లోకి వచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది. పొడిగా ఉంది. కౌంటరు ముందు నిలబడ్డ పెద్దాయన, లైన్లో రావాలమ్మా అని కసిరాడు. వేయడానికి ఉత్తరమేదీ లేకపోయినా, ఆమె నవ్వుకుంటూ వెళ్ళి లైను చివర నిలబడింది.