కొట్టేసిన మాట

ఆ ఆఫీసులో పెళ్ళి కుదిరినవాళ్ళకు ఒక శిక్ష ఉంది. పెళ్ళికి ముందు శుక్రవారం మధ్యాహ్నం, తోటివాళ్ళు పేర్లు రాయకుండా వేసిన చీటీలన్నీ గట్టిగా చదివి, ఏది ఎవరిదో చెప్పాలి. కట్టుకోబోయే మనిషిని కూడా పిలిచి పక్కన నిలబెడతారు. ఈ ముచ్చట ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, వాడికి పెళ్ళి అయ్యుండదు.

ఈసారి వంతు ఎర్రపెన్నుది. భవనాల ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. నాలుగేళ్ళుగా ఆమె దిద్దే ప్లాన్లన్నీ ఒక్కడే గీస్తున్నాడు. పక్కపక్క బల్లలే. అతను ఏదో ఒకటి అంటాడని ఆమె కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. అతను గోడలు, కిటికీల కొలతలు తప్ప ఇంకో మాట ఎత్తలేదు. చివరికి విసిగిపోయి, ఇంట్లోవాళ్ళు తెచ్చిన సంబంధానికి తలూపింది. పెళ్ళికొడుకు మంచివాడు. అదే ఆమెకు దిగులు.

పది చీటీలు నవ్వులతో అయిపోయాయి. పదకొండోది విప్పి చదవబోయి ఆగిపోయింది.

'నువ్వంటే ఇష్టం. నాలుగేళ్ళ నుంచీ. చెప్పే ధైర్యం లేకపోయింది.'

ఎడంచేత్తో రాసిన వంకర అక్షరాలు. ముందు 'ప్రేమ' అని రాసి, కొట్టేసి, 'ఇష్టం' అని మార్చారు. అంతటితో ఊరుకోకుండా ఆ దిద్దుబాటు చుట్టూ మబ్బులా గీత గీసి, పక్కనే చిన్న త్రికోణంలో ఒకటి అంకె వేశారు. ప్లానులో మార్పు చేసిన చోట అలా గుర్తు పెట్టడం అక్కడ అందరికీ అలవాటే. త్రికోణాన్ని ఇలా తలకిందులుగా వేసే మహానుభావుడు మాత్రం ఒక్కడే, పక్క బల్లవాడు. ఎన్నిసార్లు తిట్టినా మారలేదు. పిచ్చివాడు, చెయ్యి మార్చుకున్నాడు గానీ అలవాటు మార్చుకోలేకపోయాడు.

"చదవమ్మా, మౌనవ్రతమా?" అని అరిచాడు గుమాస్తా. నోరు ఊరుకోదు కనుక అందరూ అతన్ని రేడియో అంటారు.

మడిచి పక్కన పడేయొచ్చు. కానీ ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఇప్పుడా? పెళ్ళికి అయిదు రోజులుందనగానా? అతను ఈ క్షణాన లేచి నిలబడితే మాత్రం ఈ పెళ్ళి ఆపేస్తాను, అనుకుంది. ఆ ఆలోచనకు తనకే భయం వేసింది.

చదివేసింది. ఒక్క మాట మింగకుండా, కొట్టేసిన 'ప్రేమ'తో సహా.

"ఇది ఎవరిదో నేను చెప్పను. రాసినవాళ్ళే చెయ్యెత్తాలి," అంది అతని వైపే చూస్తూ.

బల్ల మీద అతని చెయ్యి కొద్దిగా కదిలింది.

"నేనే! దొరికిపోయాను!" రేడియో రెండు చేతులూ ఎత్తేశాడు. "పెళ్ళికొడుకుగారూ, మీరు నాకు పోటీ వచ్చారు, చూసుకోండి మరి!"

గది గొల్లుమంది. ఆమె మాత్రం పక్క బల్లవాడి మీంచి చూపు తిప్పుకోలేదు. 'కాదు, నాది' అంటే చాలు. అతను ఒక్క క్షణం తల దించుకుని, తర్వాత నవ్వాడు. చప్పట్లు కూడా కొట్టాడు, అందరికంటే గట్టిగా. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పళ్ళు బిగించి తనూ నవ్వింది.

మెట్లు దిగుతూ పెళ్ళికొడుకు ఆగాడు. "ఆ చీటీ రేడియోది కాదు కదా?"

ఆమె అబద్ధమాడలేకపోయింది. "కాదండీ."

"రాసినవాళ్ళు మనసులో మాటే రాశారా?"

"నిజంగా మనసులో ఉంటే అలా నవ్వరు కదండీ."

అతను ఆమె వైపు తిరిగాడు.

"నువ్వూ నవ్వావుగా," అన్నాడు.