మరియమ్మ పటంలో బిడ్డ

కమలాపురం పక్క పల్లెలో క్రైస్తవులు తమ గుడిలో పటాలు పెట్టరు. అందుకని కడప మిషనువాళ్లు పంపిన సంతోషమ్మ ఫోటోను గుడి పక్కనున్న బడిగదిలో తగిలించారు. ముసుగు కప్పుకుని, తల కాస్త వంచి, ఒళ్లో బొద్దు బిడ్డతో ఆమె అందులో మరియమ్మ అయి కూర్చుంది. కూలికి పోయే మనిషి గోడెక్కిందని పల్లె తెగ మురిసిపోయింది. ఎవరు మెచ్చుకున్నా సంతోషమ్మ మాత్రం తల దించుకునేది. అణకువ అనుకునేవాళ్లు పాపం. అది సిగ్గు.

కూతురు రత్నమణికి ఆ పటమంటే ప్రాణం. బడికి కొత్తగా ఎవరొచ్చినా చెయ్యి పట్టి లాక్కొచ్చి, "ఆ ఒళ్లో ఉండేది నేనే" అని చూపించేది. అంత బొద్దు బిడ్డ ఇట్లా పుల్లలా తయారైందేమని ఎవరైనా అడిగితే, తండ్రి లేవి "ఫోటోలో అందరూ లావుగా పడతారంటలేప్పా" అని సర్దేవాడు. అతనికీ అసలు సంగతి తెలియదు. భార్య చెప్తే కదా!

ఏడేళ్ల కిందటి కరువులో, విరేచనాలతో వడిలిపోయిన పసిదాన్ని ఎత్తుకుని సంతోషమ్మ కడపలో మిషను ఆసుపత్రికి పోయింది. అక్కడ దొరసాని కన్ను ఆమె మీద పడింది. తన దగ్గరున్న ఇటలీ దేశపు పాత మరియమ్మ బొమ్మ తెచ్చి, ఆమె మొహం పక్కన పెట్టి చూసుకుంది. క్రిస్మస్‌కు అచ్చం అట్లాంటి ఫోటో కావాలని ఫోటోల కేశవులును పిలిపించింది. అతను బొమ్మలో ఉన్నట్టే ముసుగు సర్దాడు, తల వంచమన్నాడు. అన్నీ కుదిరాయి, బిడ్డ తప్ప.

"ఈ ఎముకలగూడును పెట్టుకుంటే కరువు ఫోటో ఐతాదమ్మా, మరియమ్మ ఫోటో కాదు" అన్నాడు కేశవులు.

దొరసాని బంగళాలో వంటమనిషి ఏసేపు కొడుకును తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టారు. కాదనొచ్చు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. కానీ ఇంతమందిలో తననే ఎంచారన్న గర్వం తలకెక్కింది. రత్నమణిని కింద చాప మీద పడుకోబెట్టింది. "కదిలితే చెడిపోతాది, కిందికి చూడొద్దు" అన్నాడు కేశవులు. చూడలేదు. పరాయి బిడ్డ మొహంలోకి ఎంత ప్రేమగా చూసిందంటే, దొరసాని కళ్లు తుడుచుకుంది.

ఈ ఏడు క్రిస్మస్ ముందు బడిగదికి సున్నం కొడుతుంటే పటం జారి పడి అద్దం పగిలింది. గుడిలో బోధ చెప్పే ఉపదేశి ప్రేమయ్య చట్రం విప్పి ఫోటో బయటికి తీశాడు. ఇన్నాళ్లూ చుట్టూ ఉన్న అట్ట కింద దాగిన అంచు బయటపడింది. అక్కడ, కింద మూలలో, సన్నని చిన్న చెయ్యి ఒకటి మరియమ్మ కొంగును గట్టిగా పట్టుకుని ఉంది. మణికట్టుకు దారంతో కట్టిన ఒంటిపూస.

"ఈ చెయ్యెవరిదమ్మా?" అన్నాడు ప్రేమయ్య.

సున్నం కొడుతున్న ఆడవాళ్లంతా మూగారు. తెలియదని చెప్పడానికి సంతోషమ్మ నోరు తెరిచింది. అప్పటికే రత్నమణి, ఇప్పుడు తన మెడలో ఉన్న అదే ఒంటిపూసను వేళ్లతో పట్టుకుని ఫోటో మీదికి వంగింది.

"అమ్మా, ఇది నేనా?"

నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది సంతోషమ్మకు. "నువ్వే" అంది.

"మరి ఒళ్లో ఉండేది?"

"వేరేవాళ్ల బిడ్డ."

రత్నమణి ఆ చేతి మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నేను ఏడుస్తాంటినా?"

"ఏడుస్తాంటివి."

"నీకు ఇనపళ్యా?"

కదిలితే చెడిపోతుందని కేశవులు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంతోషమ్మ దాన్ని మింగేసింది.

"ఇనపడింది" అంది.