డాక్టరుగారి రెండు కార్బురేటర్లు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నూలు దొరక్క మగ్గం ఆగిపోయిన భావనారాయణగారు, బెజవాడ ఏలూరు రోడ్డులో ఉన్న నా మోటారు షెడ్డుకు పని అడగడానికి వచ్చారు. నాకు నవ్వొచ్చింది. పట్టాళంలో నాలుగేళ్లు బండ్లు విప్పి బిగించిన అంతోనిని నేను. యాభై దాటిన నేతగాడితో నాకేం పని?

"ఇంట్లో ఐదుగురమండి అంతోనిగారూ. ఏ పనైనా చేస్తాను," అన్నారాయన.

ఆ రోజు నేను మహా చిరాకు మీద ఉన్నాను. చల్లపల్లి డాక్టరు వెంకటకృష్ణారావుగారి మోటారుసైకిలు మూడు రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. దానికి రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో కార్బురేటరు. గాలీ పెట్రోలూ రెండూ సమంగా పీల్చాలి. పుస్తకంలో రాసినట్టు రెండింటి మరలూ ఒకే లెక్కన తిప్పాను. అయినా ఇంజను తడబడుతూనే ఉంది. సాయంత్రం డాక్టరుగారు బండి కోసం వస్తారు.

"దీన్ని బాగుచెయ్యండి, పనిలో పెట్టుకుంటాను. చేతకాకపోతే మళ్లీ నా గడప తొక్కకండి," అన్నాను. పొగరే, ఒప్పుకుంటాను.

ఆయన ఇంజను నడిపించమన్నారు. బండి వెనక గొంతుక్కూర్చుని, రెండు పొగగొట్టాలకూ జానెడు దూరంలో రెండు అరచేతులూ పట్టి కళ్లు మూసుకున్నారు.

"ఎడమది గట్టిగా కొడుతోందండి. కుడిది నీరసం."

"రెండూ ఒకే లెక్కన తిప్పానండీ!"

"పడుగులో పోగులన్నీ ఒకే కొలతకు కట్టినా బిగువు ఒకటిగా ఉండదండి. తడిమి చూసుకోవాల్సిందే."

ఆయన చెబుతుంటే నేను మర తిప్పాను. కొంచెం, ఇంకొంచెం, మళ్లీ వెనక్కి. కాసేపటికి ఇంజను హాయిగా ఆడడం మొదలుపెట్టింది.

ఆయన మాత్రం లేవలేదు. హ్యాండిలు తిప్పమన్నారు. ఎడమకు తిప్పగానే ఇంజను ఒక్కసారి గోల పెట్టి మళ్లీ తడబడింది. హ్యాండిలు నుంచి కార్బురేటర్లకు వెళ్లే రెండు తీగలనూ ఆయన వేళ్లతో తడుముతూ వచ్చి ఒకచోట ఆగారు. తీగలు వేలాడకుండా నేను పురికొసతో బిగించి కట్టిన చోటది. ముచ్చటగా కట్టానని నాకెంతో గర్వం కూడా!

"హ్యాండిలు తిరిగినప్పుడల్లా ఇక్కడ ఒక తీగ బిగిసి కుడిదాన్ని లాగుతోందండి," అన్నారు మెల్లగా.

పురికొస కోసి వదులుగా కట్టారు. ఎటు తిప్పినా ఇంజను తడబడలేదు. మూడు రోజులు నేను చూడలేనిది ఆ వేళ్లు చూశాయి. నిజంగా దండం పెట్టాలనిపించింది.

సాయంత్రం డాక్టరుగారు ఒక చుట్టు తిరిగొచ్చి, "భేష్ అంతోనీ! నీ చేతికి తిరుగులేదోయ్!" అన్నారు.

భావనారాయణగారు నేల చూపులు చూస్తున్నారు. ఆయన నోరు విప్పరు. ఆయన తిండి నా చేతిలో ఉంది. నేనూ ఊరుకుంటే సరిపోయేది. కానీ సిగ్గేసింది.

"చెడగొట్టింది నేనండీ. బాగుచేసింది వీరు."

డాక్టరుగారు భావనారాయణగారికి నమస్కారం పెట్టి బండెక్కి వెళ్లిపోయారు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారండి?" అన్నారాయన.

"రేపటిదాకా ఎందుకండీ? కూర్చోండి. ఆ మూలనున్న బండికి తీగలు కట్టిందీ నేనే."