రెండు జతల మేజోళ్లు

చేయని పనిని పదకొండేళ్లుగా చేశానని చెప్పుకుంటూ వచ్చి, చివరికి అది జరిగినట్టే గుర్తుండిపోతే, దాన్ని అబద్ధం అనాలా, జ్ఞాపకం అనాలా?

ఈ ప్రశ్న నాకు ఏకాంతంలో తట్టలేదు. మంచు ఆటల సామాను అద్దెకిచ్చే దుకాణంలో, కుడికాలు ఒక ప్లాస్టిక్ బూటులో సగం దిగి, ముందుకు పోనంటూ వెనక్కి రానంటూ నిలిచిపోయినప్పుడు తట్టింది. ఇంట్లో నా అలమారలో ఉన్న తత్వశాస్త్ర గ్రంథాలన్నీ ఇన్నేళ్లలో చేయలేని పనిని ఆ బూటు ఐదు నిమిషాల్లో చేసింది. ఆత్మపరిశీలనకు కాలు ఇరుక్కోవడం కూడా ఒక మార్గమేనేమో.

విదేశీ విహారయాత్రలు ఏర్పాటుచేసే సంస్థలో నేను కాటలాగులు రాస్తాను. మా ఆఫీసులో ఎవరూ పెట్టని నియమం ఒకటుంది. వెళ్లేవాళ్లు రాయరు, రాసేవాళ్లు వెళ్లరు. వెళ్లివచ్చినవాళ్లు నా బల్ల మీద ఫోటోలు పడేస్తారు. నేను వాటిని చూసి ‘వేకువ వెలుగులో వెండిలా మెరిసే వాలు’ అని రాస్తాను. పదహారేళ్లలో మంచు గురించి నేను రాసినన్ని వాక్యాలు మంచులో పుట్టి పెరిగినవాడు కూడా రాసి ఉండడు. నేను మంచును ముట్టుకున్నది మాత్రం ఫ్రిజ్ శుభ్రం చేసిన రోజుల్లోనే.

అబద్ధం పుట్టింది మా అత్తగారింటి భోజనాల బల్ల దగ్గర. అప్పుడే కొత్తగా ఆ ఇంటి అల్లుడైన మా తోడల్లుడు, సముద్రం అడుగుకు దిగి తాబేలు పక్కన ఈదిన కథ చెబుతున్నాడు. కూరలు చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు. మా ఆవిడ కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. నాకు ఒళ్లు మండింది.

“పెళ్లికి ముందు ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు నేను స్కీయింగ్ చేసేవాణ్ణి,” అన్నాను.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. తాబేలు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత అబద్ధాన్ని పోషించడానికి పెద్దగా శ్రమపడలేదు. కాటలాగుల్లో రాసినవన్నీ నాకే జరిగాయని చెబితే సరిపోయేది. ఒకసారి నిటారు వాలు మీద పడి ఎడమభుజం దెబ్బతిన్నదనీ, చలి పెరిగితే ఇప్పటికీ లాగుతుందనీ చెప్పాను. రెండేళ్లు తిరిగేసరికి ఆ భుజం నిజంగానే లాగడం మొదలుపెట్టింది.

ఈ ఏడు మా ఆవిడ పట్టు పట్టింది. “మీరొక్కరే అనుభవించి వచ్చి మాకు కథలు చెబితే చాలదు. ఈసారి అందర్నీ తీసుకెళ్లండి.”

ఆమె పరీక్షల విభాగంలో పనిచేస్తుంది. ఎవరిని ఏ గదిలో ఎవరి పక్కన కూర్చోబెట్టాలో నిర్ణయించడం ఆమె ఉద్యోగం. ఏది తలపెట్టినా గీతలు గీసి గళ్లు కట్టందే ఆమెకు తోచదు. ఆదివారం పొద్దున మూడు కొండ రిసార్టుల కాటలాగులు బల్ల మీద పరిచింది. మూడూ నేను రాసినవే. మరదలికి సెలవు దొరకలేదు కాబట్టి, మేమిద్దరం, అత్తగారు, తోడల్లుడు, వెరసి నలుగురం.

“మొదటిది వద్దు. ఆ వారం బళ్లకి సెలవులు, జనం కిటకిటలాడిపోతారు. మూడోది హోటల్ నుంచి కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టు దగ్గరికి బస్సెక్కాలి. రెండోది బాగుంది. ఇది వినమ్మా, ‘వృద్ధులు సైతం నిర్భయంగా జారగల సున్నితమైన వాలు’.”

“వృద్ధులెవరే? నన్నేనా?” అన్నారు అత్తగారు.

ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరయ్యారు. పక్కింటాయన నడుస్తూ ఎదురొచ్చినా ఆవిడకు ముందు కనబడేది అతని తుంటి కీలే.

“విరిగిన కాళ్లు ఎన్ని చూశానో,” అన్నారు మళ్లీ. “సరదాగా విరగ్గొట్టుకునే చోటు ఒక్కటీ చూళ్లేదు. పద, చూసొద్దాం.”

“మనకి ట్రైనింగ్ క్లాసులు పెట్టించుకోవాలేమో కదా వదినా?” అన్నాడు తోడల్లుడు.

“ఎందుకూ? మా ఆయన ఉండగా క్లాసులేంటి!”

ఆమె నా పేరు ఎదుటి గడిలో ‘శిక్షకుడు’ అని రాసింది. తల్లి పేరు ఎదుట ‘అల్లుడి దగ్గర నేర్చుకుంటుంది’ అని రాసింది.

ఆ వాలు గురించి నాకు తెలిసిందల్లా ఒక్క ఫోటో. ఫోటో పైనుంచి తీసింది. పైనుంచి చూస్తే ఏ కొండయినా కాళ్లు చాపుకుని పడుకున్నట్టే ఉంటుంది. ‘సున్నితమైన’ అన్న మాట ఆ రోజు ఆ వరుసలో కాస్త ఖాళీ మిగిలితే పెట్టాను. అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పాను కూడా.

“ఈ భుజం ఒకటుంది కదా...”

“అందుకే మీకు తేలికపాటి చేతికర్రలు తీసుకుందాం,” అంది మా ఆవిడ, గడిలో అది కూడా రాస్తూ.

శనివారం మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాం. కొలతలు ఇక్కడే తీసుకుని ఆ కాగితాలు కొండ మీదికి పంపిస్తారట. మేం చేరేసరికి అక్కడ సామాను సిద్ధంగా ఉంటుందట. దుకాణదారు బూడిదరంగు గడ్డం మనిషి. తన చిన్న స్టూలు మీద కూర్చుని, మా నాలుగు జతల కాళ్లనూ ఓ చూపు చూసి పెదవి విరిచాడు.

“ఏమ్మా, అందరూ రెండేసి జతల మేజోళ్లు తొడుక్కొచ్చారు?”

“చలికి మంచిదని. కాటలాగులో ఉంది,” అంది మా ఆవిడ.

“సన్నటిది ఒక్క జత చాలమ్మా. రెండేసుకుంటే లోపల మడతపడి కాలు తిమ్మిరెక్కిపోద్ది. ఇట్టా రాసినోడు మంచుని ఐస్‌క్రీం కప్పులో తప్ప చూసుండడు.”

తోడల్లుడు దగ్గాడు. అత్తగారు కిటికీలోంచి వీధిని శ్రద్ధగా పరిశీలించసాగారు. మా ఆవిడ మాత్రం వెనక్కి తగ్గలేదు.

“అది రాసింది మా ఆయనే. ఆయనకి స్వయంగా అనుభవం ఉంది. మీరు మేజోళ్లు అమ్ముకుంటూ ఇక్కడ కూర్చున్నంత మాత్రాన...”

“అట్టయితే సరేనమ్మా. సారుకే ముందు బూటు తొడుగుదాం.”

అలా నా కాలు అందులో ఇరుక్కుంది. ఆయన రెండు చేతులతో బూటును విడదీసి పట్టుకుని తొయ్యమన్నాడు. తోశాను. ఎట్టకేలకు దిగింది. లేచి నిలబడగానే వేళ్లు బూటు ముందుగోడకు గుచ్చుకున్నాయి.

“ఒక సైజు పెద్దదివ్వండి. వేళ్లు తగులుతున్నాయి.”

“మోకాళ్లు వంచండి సార్.”

వంచాను. వేళ్లు వెనక్కి జరిగి హాయిగా సర్దుకున్నాయి. ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు. రోజూ ఒకే రకం రోగిని చూసే వైద్యుడి సహనం ఉంది. బూటు తొడిగిన ప్రతివాడికీ మొదటి రోజే తెలిసే విషయం నాకు తెలియలేదని ఆయనకు తెలిసిపోయింది. మా ఆవిడ ముందే నింపి ఉంచిన కాగితం అందుకున్నాడు.

“బరువు, ఎత్తు, వయసు, అన్నీ ఉన్నాయి. అనుభవం దగ్గర ‘నిపుణుడు’ అని ఉంది. ఇదే ఉంచమంటారా?”

“ఎందుకు అడుగుతున్నారు? ఏం రాస్తే ఏమవుతుంది?” అన్నాను.

ఆయన కాళ్లకు తగిలించుకుని జారే స్కీ పలక ఒకటి తెచ్చి ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. బూటును పట్టి ఉంచే బిగింపు దగ్గర చిన్న స్క్రూ ఒకటి చూపించాడు.

“దీన్ని ఈ కాగితం చూసి తిప్పుతారు సార్. కొత్తోళ్లకి వదులుగా పెడతారు, పడంగానే బూటు ఊడొచ్చేస్తది. నిపుణులకి గట్టిగా బిగిస్తారు, ఆ వేగానికి ఊరికే ఊడకూడదు కదా. కొత్తోడు గొప్పకి పోయి నిపుణుణ్ణని రాశాడనుకోండి, మనిషి ఓ పక్కకి తిరుగుతాడు, స్కీ ఇంకో పక్కకి తిరుగుద్ది. బూటు ఊడదు.”

“పిక్కఎముక మెలితిరిగిన విరుపు,” అన్నారు అత్తగారు, పాత స్నేహితురాలి పేరు విన్నంత సంతోషంగా. “ఫిల్ములో ఎంత అందంగా కనపడుతుందో! మూడు నెలల కట్టు.”

ఆ స్క్రూను చూశాను. పదకొండేళ్లలో నా మాటను మా ఆవిడ నమ్మింది, చుట్టాలు నమ్మారు, నా భుజం కూడా నమ్మింది. వాళ్లందరి నమ్మకంలోనూ ఎక్కడో కాస్త సడలింపు ఉంటుంది. మనుషులు నమ్ముతూనే మనల్ని క్షమించడానికి చోటు ఉంచుకుంటారు. ఈ స్క్రూ అలా కాదు. నేను ఏది చెబితే అక్షరాలా అంతే నమ్ముతుంది. అదీగాక, విరిగే కాలు నాది ఒక్కటే అయితే ఈ మౌనాన్ని ఇంకో పదకొండేళ్లు లాగి ఉండేవాణ్ణి. ఎదురుగా అరవై ఏడేళ్ల మనిషి, ఉత్సాహంగా ఒక జత మేజోళ్లు విప్పేసి, నా దగ్గర నేర్చుకోవడానికి సిద్ధపడుతోంది.

మొదట నేను వేసుకున్నది తప్పు ప్రశ్న. అబద్ధమా, జ్ఞాపకమా అన్నది తీరుబడిగా కూర్చున్నవాడి సందేహం. నిలబడినవాడికి మిగిలేది ఒక్కటే. ఇప్పుడు చెబుతానా, లేదా?

ఒక కాలు బూటులో, ఒక కాలు మేజోళ్లలో పెట్టుకుని కుంటుతూ వెళ్లి, దుకాణదారు చేతిలోని కలం తీసుకున్నాను. ‘నిపుణుడు’ కొట్టేసి, పక్కనున్న ‘మొదటిసారి’ గడిలో టిక్కు పెట్టాను.

“నేను ఎప్పుడూ స్కీయింగ్ చెయ్యలేదు,” అన్నాను మా ఆవిడతో. “ఆ కొండలు చూడనేలేదు. ఆ వాలు సున్నితమో కాదో నాకు తెలీదు.”

అత్తగారి చేతిలో మేజోడు వేలాడుతూ ఉండిపోయింది.

“మరి భుజం?” అంది మా ఆవిడ.

“నొప్పి మాత్రం నిజమే.”

“ఏళ్ల తరబడి కాపడం పెడుతున్నానండీ దానికి!”

“తెలుసు.”

“తెలుసట! నోర్మూసుకోండి. ఇప్పుడే మీ కోసం ఈయనతో గొడవపడ్డాను కూడా.” ఆమె కళ్లు దుకాణదారు వైపు తిరిగి, అక్కడ నిలవలేక నేల మీదికి దిగాయి. నాకు దక్కిన శిక్ష అది. మాటలకంటే అదే ఎక్కువ తగిలింది.

అత్తగారు తోడల్లుడి వైపు తిరిగారు. “ఏం నాయనా, తాబేలూ?”

“తాబేలు ఉందండీ,” అన్నాడు అతను బూటులోకి చూస్తూ. “గాజు అవతల.”

మా ఆవిడ నవ్వలేదు. నవ్వుతుందని నేను ఆశించడం కూడా అన్యాయమే. ఆమె చేతిలోంచి గళ్ల కాగితం తీసుకున్నాను. ఆమె వదిలేసింది. ‘శిక్షకుడు’ కొట్టేశాను. ‘అల్లుడి దగ్గర నేర్చుకుంటుంది’ కొట్టేశాను. నాలుగు పేర్లకూ కలిపి ఒక గీత గీసి, ఎదుట ‘శిక్షణ తరగతి, మొదటి రోజు నుంచి’ అని రాసి, దుకాణదారుకు అందించాను.

“కొండ మీదివాళ్లకి చెప్పి మా నలుగురికీ ఆ తరగతిలో ఇప్పుడే చోటు రాయించేయండి,” అన్నాను. ఆయన ఫోను తీసేలోగా బల్ల మీద కూర్చుని, బూటు ఊడబీకి, మేజోళ్లలో ఒక జత విప్పేశాను.