బ్రిడ్జ్ మార్చాక

"నీ బేస్ మోగడం లేదు. దుప్పటి ముసుగేసుకుని ఎవరో దగ్గుతున్నట్టుంది" అన్నాడు మా ఆయన.

నేనప్పుడు రిహార్సల్‌కి వచ్చినవాళ్ళు తాగి వదిలేసిన టీ కప్పులు కడుగుతున్నాను. ఆయన తన కప్పు కూడా తెచ్చి సింకులో పడేసి, తీరిగ్గా గోడకి ఆనుకున్నాడు. "బ్రిడ్జ్ మారిస్తే సరిపోతుంది. ఇత్తడిది ఒకటి చూశాను, మంచి బరువుంది. అది పడితే నువ్వెలా వాయించినా పలుకుతుంది."

ఆ "ఎలా వాయించినా" దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ కప్పులు కడుక్కున్నాను.

మాది ఇంటి బ్యాండు. మా ఆయన పాడతాడు, గిటార్ వాయిస్తాడు. మరిది కీబోర్డు. డ్రమ్స్ దగ్గర కూర్చునే అతన్ని అందరూ బండోడంటారు, అతనూ పలుకుతాడు. నాది బేస్, నాలుగు లావు తీగల గిటార్. పెళ్ళికి ముందు నా మొదటి జీతంతో కొనుక్కున్నాను. కూరలో ఉప్పులాంటిది బేస్. సరిగ్గా ఉన్నంతసేపూ ఎవరూ తలవరు, తగ్గితే మాత్రం ప్రతివాడికీ తెలుస్తుంది. పార్టీలకి వాయించి వచ్చాక అందరికీ వాటాలు పంచుతారు, నాకు పంచరు. "ఇంటి మనిషివే కదా" అంటాడు మా ఆయన. వైర్లన్నీ చుట్టి వ్యాన్‌లో సర్దేటప్పుడు కూడా నేను ఇంటి మనిషినే.

బ్రిడ్జ్ అంటే గిటార్ అడుగున తీగలన్నీ వచ్చి ఆనే లోహపు పట్టీ. తీగల లాగుడంతా భరించేది అదే. నా గిటార్‌కి దాని మీద మెరిసే రేకు మూత ఒకటి ఉంది కాబట్టి లోపల ఏముందో బయటివాళ్ళకి కనపడదు. నాకు మాత్రం తెలుసు. ఆ మూత కింద, తీగల అడుగున, మా ఆయన పాత బనియను ముక్క ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం వాయించుకుంటూంటే ఆయన వచ్చి, "అమ్మకి గుండెల్లో దడగా ఉందట, కాస్త తగ్గించు" అన్నాడు. తగ్గించాను. ఇంకా తగ్గించమన్నాడు. ఇంక తగ్గించడానికేమీ మిగలక, బనియను చింపి మడత పెట్టి తీగల కింద కుక్కాను. పలకబోయిన తీగ అక్కడికక్కడే చచ్చిపోయేది. ఇంట్లో అందరికీ ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత తీగలు మార్చిన ప్రతిసారీ ఆ ముక్కని దులిపి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. మరిచిపోయి కాదు. నా వాయిద్యం నోట్లో నేనే గుడ్డ కుక్కి, దాని గొంతే అంత అనుకోవడం అలవాటైపోయింది.

ఇత్తడి బ్రిడ్జ్ పెట్టెలో దర్జాగా వచ్చింది. "ఆదివారం బిగిస్తా" అన్నాడు. మా ఇంట్లో ఆదివారం బిగించాల్సినవి చాలానే ఉన్నాయి, బాత్రూం గడియతో సహా. చూసి చూసి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేనే స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. మూత తీశాను, తీగలు వదులు చేసి తప్పించాను, పాత బ్రిడ్జ్ ఊడదీసి ఆ చోట కొత్తది పెట్టి చూశాను. స్క్రూల బెజ్జాలు ఒక్కటీ కలవలేదు. కొలత చూడకుండా కొనుక్కొచ్చాడు మహానుభావుడు. చెక్కకి కొత్తగా చిల్లులు పొడిస్తే తప్ప అది కూర్చోదు. నా గిటార్‌ని పొడవడానికి నాకు మనసు రాలేదు. ఇత్తడిని దాని పెట్టెలో పడుకోబెట్టి, పాతదాన్నే మళ్ళీ బిగించాను. బనియను ముక్క చేతిలో మిగిలింది, నల్లగా, జిడ్డోడుతూ. దాంతో పొయ్యి గట్టు తుడిచి చెత్తబుట్టలో పడేశాను.

తీగలు బిగించి, శ్రుతి చూసుకుని, మోత పెంచే ఆంప్ పెట్టెకి తగిలించి మీటాను. అలమరలో గ్లాసులు గణగణమన్నాయి. తీగ పలుకుతూనే ఉంది, నేను వేలు పెట్టి ఆపేదాకా. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. పక్క గదిలోంచి అత్తగారు ఏమంటారోనని చెవి రిక్కించాను. "కుక్కరు ఆపావా అమ్మాయ్?" అన్నారావిడ. అంతే.

గుడ్డ తీసినంత మాత్రాన పని అయిపోలేదు. ఇన్నాళ్ళూ తీగని ఆపింది బనియను, ఇప్పుడు నేనే ఆపాలి. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో, ఎక్కడ తెగాలో నా ఎడమచేతి వేళ్ళూ కుడి అరచెయ్యీ చూసుకోవాలి. లేకపోతే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి గోల. తెల్లారి అందరూ లేవకముందే, ఆంప్ లేకుండా కూర్చుని చేతుల్ని మళ్ళీ మొదటి నుంచీ దిద్దుకున్నాను.

బల్ల మీద స్క్రూడ్రైవరు చూసి, ఇత్తడిది నేనే బిగించేశాననుకున్నాడు మా ఆయన. తర్వాతి రిహార్సల్‌లో మొదటి పాట సగం కాకుండానే ఆపేశాడు. "విన్నారా? ఇత్తడి ఇత్తడే" అన్నాడు.

"బ్రిడ్జ్ మారిస్తే ఇంత తేడానా వదినా?" అన్నాడు మరిది.

"నా డ్రమ్ములకి కూడా ఒకటి కొనిపెట్టన్నా" అన్నాడు బండోడు.

"అది కాదండీ, అసలు..." అని మొదలుపెట్టాను.

"సరే గానీ ముందు టీ పెట్టు, గొంతు పట్టేసింది" అన్నాడు మా ఆయన. ఒక్కడూ నా వేళ్ళ వంక చూడలేదు.

టీ మరిగేలోపు చాలా గుర్తొచ్చాయి. కొత్త పొయ్యి వచ్చాక వంట రుచిగా ఉంటోందని మా ఆయన చుట్టాలతో చెప్పడం. కొత్త కంప్యూటర్లు వచ్చాక బిల్లుల సెక్షన్ చురుగ్గా కదులుతోందని ఆఫీసులో మేనేజరు మీటింగులో మెచ్చుకోవడం, ఆ సెక్షన్ అంటే నేనొక్కదాన్నే. పొయ్యికీ కంప్యూటర్‌కీ ఉన్న ప్రతిభ నాకు లేకపోయింది. ఇప్పుడు, గిటార్ మీద లేనే లేని ఇత్తడి ముక్కకి కూడా నాకంటే ఎక్కువ పేరొచ్చింది. బ్రిడ్జ్ మారిస్తే నాదం బొత్తిగా మారదని నేననను. బరువైన దాని మీద తీగ ఇంకో రవ్వంత సేపు నిలుస్తుందంటారు, నిలవొచ్చు. కానీ దానికి ముందు తీగ ఉంది, తీగకీ చెక్కకీ మధ్య ఎత్తుంది, తీగని మీటే వేలుంది. వేలు వెనక మనిషుంది. ఇంత బారు వరస దాటుకుని వీళ్ళ చూపు నేరుగా కొన్న వస్తువు దగ్గరికే ఎలా వెళ్తుందో నాకర్థం కాదు.

ఆ ఊపులోనే మా ఆయన సొంత పాటలు రికార్డు చేద్దామన్నాడు. నాలుగు పాటలకీ బేస్ నడక కట్టింది నేను. గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి, మనసులోనే కట్టుకున్నాను. స్టూడియో రోజు ఖాయమయ్యాక చల్లగా చెప్పాడు. "బేస్ తమ్ముడు వాయిస్తాడులే, కీబోర్డు తర్వాత విడిగా కలుపుకోవచ్చు. వాడు చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడా గిటార్ ఎవరి చేతిలో పెట్టినా మోగుతుంది."

"మరి నేను?"

"నువ్వూ రా. రోజంతా పని, భోజనాలూ అవీ ఎవరు చూస్తారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పాటలోంచి నన్నే లేపేస్తున్నారు, అదీ నా గిటార్‌తో. అయినా క్యారియర్లు సర్దుకుని బయలుదేరాను. అక్కడ ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు, దాన్ని కళ్ళారా చూడాలని ఉంది.

స్టూడియోలో రికార్డు చేసే పెద్దాయన్ని చెవులాయన అంటారు. ఎక్కువ మాట్లాడడు, వింటాడు. మరిది నా గిటార్ తగిలించుకుని మొదలుపెట్టాడు. మీటిన తీగ ఆగదు, దాన్ని ఆపాలని అతనికి తెలియదు. ఒక స్వరం తోక ఇంకో స్వరం నెత్తిన పడింది. చెవులాయన చెయ్యెత్తాడు. "మళ్ళీ." మళ్ళీ అదే. "బాబూ, అంతా ముద్దముద్దగా ఉంది" అన్నాడు చివరికి.

"కొత్త బ్రిడ్జ్ కదండీ, మోత ఎక్కువైపోయింది" అని మా ఆయన నా వైపు తిరిగాడు. "పాత బ్రిడ్జ్ ఉందా, పారేశావా?"

"ఉంది."

"ఎక్కడ?"

"గిటార్ మీదే ఉంది."

చెవులాయన్ని స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, మరిది ముందు వంగి రేకు మూత విప్పాను. తుప్పు చుక్కలు పడ్డ పాత పట్టీ అందరికీ కనిపించింది. "ఇత్తడిది ఇంట్లో పెట్టెలోనే ఉంది. బెజ్జాలు కలవలేదు" అన్నాను.

"మరి అంత బాగా మోగిందిగా?" అన్నాడు మా ఆయన.

"ఇన్నాళ్ళూ తీగల కింద మీ బనియను ఉండేది. అది తీసేశాను. తీశాక ఎలా వాయించాలో నేర్చుకున్నాను."

బండోడు కిసుక్కుమని నవ్వి, మా ఆయన మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చేశాడు. "ముందే చెప్పొచ్చుగా, నలుగురిలో..." అన్నాడు మా ఆయన.

"చెప్పబోయాను. టీ పెట్టమన్నారు." విప్పిన మూత, స్క్రూలు పక్కన పెట్టాను.

"నీకు దండం వదినా, నా వేళ్ళు పొక్కిపోయాయి" అంటూ మరిది కుర్చీలోంచి లేచి గిటార్ నా మెడలో వేశాడు. ఆ మాటకి అతను నాకు ముద్దొచ్చాడు.

కుర్చీ నా ఎత్తుకి సరిచేసుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగని నేనే లెక్క చెప్పాను, బండోడు అందుకున్నాడు. మొదటి స్వరం నిండుగా లేచింది. నిలవాల్సినంత సేపు నిలిచి, నేను తెంచినచోట తెగింది. ఆ ఖాళీలో రెండోది వచ్చి కూర్చుంది. మా ఆయన పాట నా మీద ఆనుకుని నడుస్తోందని ఆ రోజు నా చెవులకే కాదు, ఆయనకీ వినిపించింది. పైచరణంలో నేను ఒక్క క్షణం ఆగితే ఆయన కంగారుగా నా వేళ్ళ వంక చూశాడు. చూడనిచ్చి, మెల్లగా మళ్ళీ అందుకున్నాను. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నాలుగు పాటలూ ఒక్క ఊపున అయిపోయాయి. ఆకలేసినవాళ్ళు క్యారియర్లు వాళ్ళే విప్పుకున్నారు.

వైర్లు ఎవరో చుడుతూంటే చెవులాయన నా దగ్గరికి వచ్చాడు. "రేపు ఇక్కడ వేరేవాళ్ళ పాటలున్నాయమ్మా. బేస్‌కి మనిషి లేరు. మీరు వస్తారా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "తనకి కుదరదండీ. ఇంట్లో అమ్మ..."

చెవులాయన అటు తిరగలేదు. నా వంకే చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాను.