లేటర్ అని పదిసార్లు నొక్కినా

మంగ బిడ్డకు తలంటి వచ్చేసరికి ఫోను నల్లబడి ఉంది. తెర మధ్యలో సన్నటి తెల్లగీత ఒకటి చీమలా పాకుతోంది.

"ఓయమ్మో, ఇదేంది గిట్లయింది!" తడి చేతులు కొంగుకు తుడుచుకుని అటూ ఇటూ నొక్కింది. ఉలకలేదు, పలకలేదు.

ఇవాళే ఆసుపత్రి నుంచి ఫోను రావాలి. మూడేళ్ల కరుణకు ఎడమ కంట్లో పుట్టుకతోనే తెల్లటి పొర. ధర్మాసుపత్రి వాళ్లు ఆపరేషనుకు పేరు రాసుకుని మరీ మరీ చెప్పి పంపారు. గురువారం పది నుంచి పన్నెండు లోపు రెండుసార్లు చేస్తాం, ఎత్తకపోతే మీ వంతు వెనకవాళ్లకు పోతుంది, మళ్లీ ఆర్నెల్లు అని. అంతకాలం ఆగితే ఆ కన్ను చూడటమే నేర్చుకోదన్న డాక్టరమ్మ మాట మంగకు అన్నం సహించనివ్వడం లేదు. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫోనే.

గోడ గడియారం పదిన్నర దాటింది.

పది రోజులుగా ఇదే సతాయింపు. ఫోనుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎక్కించుకుంటావా అని. ఏడో తరగతిలో బడి మానేసిన మంగకు అందులో అర్థమయ్యే మాట ‘లేటర్’ ఒక్కటే. రోజూ అదే నొక్కింది. అయినా ఎక్కడో కూర్చున్న కంపెనీవాళ్లు గాలిలో పంపారు. ఇది సిమ్‌లోని డేటా అంతా తాగి దించుకుంది. ఆమె బిడ్డ తల రుద్దుతుండగా తనంతట తానే మొదలుపెట్టింది.

"అద్దన్న గద! పదిసార్లు అద్దన్న! గంతదానికి అడుగుడెందుకు?" ఫోను మీదే అరిచింది.

ఆ అరుపుకు నరేశ్ చాప మీంచి లేచాడు. సచిన్ పేటలోని మరమగ్గాల మిల్లులో రాత్రి పాళీ చేసి వచ్చిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సాంచాల దగ్గర అతని చేతికి పట్టిన అలవాటు ఒకటుంది. పోగు తెగితే ముందు మగ్గం ఆపాలి, తర్వాతే చూడాలి. లేకుంటే గుడ్డంతా ఖరాబు. తెల్లగీత ఒకచోట ఆగినట్టు కనబడగానే ఫోను లాక్కుని పక్క మీట గట్టిగా నొక్కి పట్టాడు.

"అట్ల ఆపద్దేమోనయ్యా..."

"జర ఊకో. నడిచేది ఆగిందంటే బంద్ చేసి చాలూ చెయ్యాలె. పదేండ్లాయె మిషన్లతోని, నాకెర్క లేదా?"

బంద్ అయింది. చాలూ కాలేదు. కంపెనీ గుర్తు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది.

"ఇది నీ సాంచ గాదు, పోగు ముడేస్తే నడిచేటందుకు! నీ తెలివికి పోరి కన్ను పోతది!"

"నేను కావాలని చేసిన్నానే? ఎందుకంత కోపం?"

"కోపం గాక పండుగ చేసుకోవాల్నా?"

పక్క గదిలో అద్దెకుంటూ చీరల దారాలు కత్తిరించే లింగవ్వ, మంగకు వరసకు అత్త, కత్తెర పట్టుకునే వచ్చింది. "ఏం లొల్లే పిల్లా? మొగణ్ణి పండనియ్యవా?" సంగతి విని తన మీటల ఫోను ఎత్తి చూపింది. "గీ ముసల్దాన్ని జూడు. ఎవడేం పంపినా దీనికి సోయే లేదు."

మంగ ఆ ఫోనునే చూస్తూ ఉండిపోయింది. ఆసుపత్రి వాళ్ల దగ్గరున్నది తన నంబరు. నంబరు ఉండేది సిమ్‌లో.

గాజుకు తగిలించిన పిన్నీసు తీసింది. ఫోను పక్కనున్న చిల్లులో రెండుసార్లు గుచ్చితే గానీ సిమ్ బయటికి రాలేదు. లింగవ్వ ఫోనులో రెండో సిమ్ చోటు ఖాళీగా ఉంది కానీ అది పెద్దది, తన సిమ్ గోరంత. లింగవ్వ చీరల కట్ట మీది స్టిక్కరు చింపిచ్చింది. సిమ్ కదలకుండా దాన్ని అదిమి అంటించి ఫోను వేసేసరికి పదకొండుంబావు.

పదకొండు నలభైకి మోగింది.

"ఇందాక చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఇది రెండోసారి," అటువైపు ఆడగొంతు హిందీలో కసిరింది. "ఇట్లాంటి రోజున ఫోను ఆపుకుంటారా?"

"నేను ఆపలేదు మేడం!" మంగ వచ్చీరాని హిందీలో గట్టిగానే అంది. "వద్దన్నా వినకుండా వాళ్లే ఆపారు. బిడ్డను ఎప్పుడు తేవాలో చెప్పండి."

రేపు ఏడింటికి. పరగడుపున.

మంగ గోడకు ఆనుకుని కరుణ తడి జుట్టులో ముఖం దాచుకుంది. కాసేపటికి నరేశ్ మెల్లగా పిలిచాడు. "మంగా, చాలూ అయిందే! కొత్తగ కనబడ్తుంది జూడు."

రంగులు మారాయి, గడియారం పెద్దదయింది. కింద సిమ్ పెట్టమని అడుగుతోంది.

"అడుగుతనే ఉండనియ్. పది రోజులు నేను జెప్పింది ఇన్నదా అది?" ఫోనును బోర్లా పడేసింది. "అత్తా, పోరి కంటి కట్టు ఇప్పేదాంక నా సిమ్ నీ తాననే ఉంటది."